ఫ్యూయల్ ప్రెషర్ సెన్సార్: మార్చే ముందు కొలవండి

విశాఖ నుంచి అరకు వెళ్ళే డీజిల్ వ్యాన్ ఒకటి అనుకోండి. శృంగవరపుకోట దాకా హాయిగా పోతుంది. ఘాట్ మొదలై, నిండా మనుషులతో నాలుగు మలుపులు ఎక్కగానే లాగడం మానేస్తుంది. డాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ ఒక స్థాయి దాటి తిరగదు. పక్కకు ఆపి, తాళం తీసి మళ్ళీ సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు కొంతదూరం ఎక్కుతుంది. తర్వాత మళ్ళీ అదే గొడవ.

షెడ్డుకు తీసుకెళ్ళి స్కానర్ పెడితే పీ0087 అనే లోపం కోడ్ వస్తుంది. రైల్‌లో, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని అందించే గొట్టంలో, ఫ్యూయల్ ప్రెషర్ తక్కువగా ఉందని దాని అర్థం. ప్రెషర్ అన్న మాట కనబడింది కాబట్టి ప్రెషర్ సెన్సార్ పోయిందని తేల్చేస్తారు. కొత్త సెన్సార్ పడుతుంది, కోడ్ చెరిపేస్తారు, ఖాళీ బండితో ఊళ్ళో ఒక రౌండు తిరిగి సెట్ అయిపోయిందని చెబుతారు. మళ్ళీ లోడుతో ఘాట్ ఎక్కిన రోజు పాత జబ్బు బయటపడుతుంది. ఈసారి పంపు మీద అనుమానం వస్తుంది, ఆ తర్వాత ఇంజెక్టర్ల మీద. సొంత వ్యాన్ మీద బతికే డ్రైవరుకు ఇదంతా కిస్తీ డబ్బు. అందుకే ఈ విషయాన్ని కొంచెం ఓపిగ్గా విడదీసి చెప్పాలనిపించింది.

పీ0087 వచ్చిన చాలా బళ్ళలో సెన్సార్ తన పని తాను సరిగ్గానే చేస్తుంటుంది. ప్రెషర్ నిజంగానే తగ్గింది, ఆ సంగతి అది చెప్పింది, అంతే. సెన్సారే తప్పు చెబుతున్న బళ్ళు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ఏ కోడూ రాదు. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఒక మామూలు మల్టీమీటర్, ఇంజిన్ అంకెలను అప్పటికప్పుడు (లైవ్ డేటా) చూపించే స్కానర్, ఒక గంట ఓపిక చాలాసార్లు సరిపోతాయి.

రైల్‌లో ఏం జరుగుతోంది

పాత డీజిల్ బళ్ళలో పంపు ఒక్కో సిలిండర్‌కు దాని వంతు వచ్చినప్పుడు పైపులో డీజిల్ తోసేది, ఆ తోపుకు నాజిల్ తెరుచుకునేది. ఎప్పుడు, ఎంత అన్నదంతా పంపే నిర్ణయించేది. కామన్ రైల్ వచ్చాక ఆ రెండు పనులూ విడిపోయాయి. పంపు పని డీజిల్‌ను రైల్ అనే దళసరి స్టీలు గొట్టంలో విపరీతమైన ఒత్తిడితో నింపి ఉంచడం వరకే. ఇంజెక్టర్లను ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, కరెంటుతో చెబుతుంది. 1995లో జపాన్‌లో డెన్సో దీన్ని ట్రక్కుల్లోకి తెచ్చింది, 1997లో బాష్ కార్లలోకి తెచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే టెంపో ట్రావెలర్లు, పికప్‌లు, స్కూల్ వ్యాన్‌లలో కొత్త తరం డీజిల్ ఇంజిన్లన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

స్లో రన్నింగ్‌లో రైల్ ప్రెషర్ సుమారు 250 నుంచి 350 బార్ ఉంటుంది. బార్ అంటే దాదాపుగా చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు. లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు అదే ప్రెషర్ ఇంజిన్‌ను బట్టి 1,400, 1,600, 1,800 బార్‌కు వెళ్తుంది. ఇంకా పైకి వెళ్ళేవీ ఉన్నాయి.

సిలిండర్‌లో పడే డీజిల్ ఎంత అన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఇంజెక్టర్ తెరిచి ఉన్న సమయం, రెండోది ఆ క్షణంలో రైల్‌లో ఉన్న ప్రెషర్. ప్రెషర్ ఎంతో తెలియకుండా ఎంతసేపు తెరవాలో ఈసీఎం లెక్క వేయలేదు. అందుకే రైల్ చివర బిగించిన ఆ చిన్న సెన్సార్ మాట మీద ఇంజిన్ మొత్తం నడుస్తుంది. అది చెప్పిన అంకెను ఈసీఎం తనకు కావలసిన అంకెతో నిరంతరం పోల్చుకుంటూ, పంపులోకి ఎంత డీజిల్ పోవాలో నియంత్రించే మీటరింగ్ వాల్వ్‌ను కొంచెం తెరుస్తూ, కొంచెం మూస్తూ ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో రైల్ మీద ఇంకో కంట్రోల్ వాల్వ్ కూడా ఉండి, ఎక్కువైన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి వెళ్ళే రిటర్న్ లైన్‌లోకి వదులుతుంది. కావలసిన ప్రెషర్‌కూ వచ్చిన ప్రెషర్‌కూ మధ్య తేడా హద్దు దాటి కాసేపు అలాగే ఉంటే కోడ్ పడుతుంది. ఇంజిన్‌ను కాపాడుకోవడానికి ఈసీఎం పవర్ తగ్గిస్తుంది. దాన్నే లింప్ మోడ్ అంటాం. ఘాట్ మీద బండి మొరాయించింది అందుకే.

మూడు వైర్లు, అర వోల్టు

సెన్సార్ లోపల ఒక పల్చటి స్టీలు పొర ఉంటుంది. దాని మీద ప్రెషర్ పడితే వంగుతుంది. కంటికి కనబడేంత వంపు కాదు గానీ, పొర మీద అతికించిన రెసిస్టర్ల విలువ మారడానికి అది సరిపోతుంది. ఆ మార్పు వల్ల వచ్చే వోల్టేజ్ మరీ చిన్నది, సున్నా నుంచి 70 మిల్లీవోల్టుల దాకా. సెన్సార్‌లోనే ఉన్న చిన్న సర్క్యూట్ దాన్ని పెంచి 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య సిగ్నల్‌గా బయటికి పంపుతుంది. కనెక్టర్‌లో మూడు పిన్నులు కనబడతాయి. ఒకదాని మీద ఈసీఎం నుంచి వచ్చే 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్.

ప్రెషర్ సున్నా అయితే సిగ్నల్ కూడా సున్నా వోల్టు ఇవ్వొచ్చు కదా, అర వోల్టు ఎందుకు? ఈ సెన్సార్ గురించి ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. సిగ్నల్ వైరు తెగితే ఈసీఎంను బట్టి అంకె సున్నాకో 5 దగ్గరకో పోతుంది, ఎర్త్‌కు తగిలితే సున్నాకు పడిపోతుంది. 5 వోల్టుల వైరుకు తగిలినా, సెన్సార్‌కు ఎర్త్ తెగినా పైకి 5 దగ్గరకు పోతుంది. అడుగున అర వోల్టు, పైన అర వోల్టు ఖాళీగా వదిలేస్తే, ప్రెషర్ లేకపోవడానికీ వైరు తెగిపోవడానికీ తేడా ఈసీఎంకు తెలుస్తుంది. 0.5 కంటే బాగా కింద గానీ 4.5 కంటే బాగా పైన గానీ సిగ్నల్ కనబడిందంటే ఆ అంకె ప్రెషర్‌ది కాదు, కరెంటు లోపానిది.

మధ్యలో లెక్క సూటిగా ఉంటుంది. 1,800 బార్ కొలిచే సెన్సార్ అయితే నాలుగు వోల్టుల్లో 1,800 బార్ సర్దాలి. అంటే ప్రతి 450 బార్‌కు ఒక వోల్టు. సున్నా దగ్గర 0.5, స్లో రన్నింగ్‌లో 300 బార్ ఉంటే సుమారు 1.17, 900 దగ్గర 2.5, 1,350 దగ్గర 3.5. మల్టీమీటర్ చేతిలో ఉన్నవారు స్కానర్ చూపే బార్‌ను ఈ లెక్కతో సరిచూసుకోవచ్చు. రెండూ కలవకపోతే సిగ్నల్ వైరులో గానీ ఈసీఎంలో గానీ తేడా ఉంది, లేదా ఆ బండికి తగని సెన్సార్ పడింది.

ఫోనుకు కలిపే చవక స్కానర్లు రైల్ ప్రెషర్‌ను కిలోపాస్కల్స్‌లో చూపిస్తాయి. 30,000 అన్న అంకె చూసి కంగారు పడకండి. 100తో భాగిస్తే 300 బార్, స్లో రన్నింగ్‌లో ఉండాల్సిందే.

కోడ్‌ల రెండు కుటుంబాలు

పీ0190 నుంచి పీ0194 దాకా ఒక కుటుంబం. ఇవి సెన్సార్ సర్క్యూట్ గురించి మాట్లాడతాయి. 0190 అంటే సర్క్యూట్‌లో లోపం, 0192 అంటే సిగ్నల్ మరీ కిందికి పోయింది, 0193 అంటే మరీ పైకి పోయింది, 0194 అంటే వచ్చి పోతోంది. వీటిలో ఏది కనబడినా ముందు వైర్లు, తర్వాత సెన్సార్. 0191 మాత్రం కొంచెం తికమకగా ఉంటుంది. సిగ్నల్ హద్దుల్లోనే ఉంది కానీ నమ్మదగినట్టు లేదని అది చెబుతుంది. దానికి సెన్సార్ కారణం కావచ్చు, నిజమైన ప్రెషర్ సమస్యా కావచ్చు.

పీ0087, పీ0088 వేరే కుటుంబం. ప్రెషర్ తక్కువ, ప్రెషర్ ఎక్కువ అని వాటి అర్థం. ఇవి వచ్చినప్పుడు సర్క్యూట్ బాగానే ఉందని ఈసీఎం నమ్ముతోంది, డీజిల్ వైపే తేడా కనబడుతోంది. ఒక్క 0087 మాత్రమే వచ్చి, 019 వరసలో ఏదీ లేని బండికి సెన్సార్‌తో మొదలుపెట్టడం తప్పుదారి. నా దృష్టిలో మొదట చూడాల్సింది డీజిల్ ఫిల్టర్.

కోడ్‌లతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అడిగి చూడండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, లోడు ఎంత, వేడి ఎంత అన్నది అందులో దాచి ఉంటుంది. చాలామంది అది చూడకుండానే కోడ్ చెరిపేస్తారు. చెరిపితే ఆ వివరాలు కూడా పోతాయి. ఫోనుతో ఒక ఫొటో తీసుకుని తర్వాతే చెరపాలి.

చేయి పెట్టే ముందు

ఇక్కడ తొందరపడకండి. పాత మెకానిక్‌లు ఏ సిలిండర్ పలకడం లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసేవారు. ఆ అలవాటు కామన్ రైల్ మీద ప్రాణాంతకం. వెయ్యి బార్ పైన ఉన్న డీజిల్ వెంట్రుకంత సందు దొరికినా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత చుక్కే కనబడుతుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. కొన్ని గంటల్లో వాపు పెరిగి లోపలి కండ కుళ్ళిపోతుంది, వేలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఉంది. అలా జరిగితే పసుపు రాసి, కట్టు కట్టి ఇంటికి వెళ్ళొద్దు. వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి వెళ్ళి, ప్రెషర్‌తో డీజిల్ లోపలికి పోయిందని ఆ మాటల్లోనే చెప్పండి. చిన్న గాయమేనని పంపేస్తామన్నా ఒప్పుకోవద్దు.

లీకు వెతకడానికి పైపుల వెంట చేయి పోనివ్వకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇంజిన్ ఆపాక రైల్‌లో ప్రెషర్ దిగడానికి సమయం ఇవ్వండి. స్కానర్‌లో సున్నా దగ్గరకు వచ్చిందని చూసుకున్నా, మనం అనుమానిస్తున్నది ఆ సెన్సార్‌నే కాబట్టి దాని సున్నాను పూర్తిగా నమ్మకుండా ఇంకొన్ని నిమిషాలు ఆగడం మంచిది. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ కనెక్టర్లు పీకడం కూడా మానుకోవాలి. వాటిలో బ్యాటరీ వోల్టేజ్ కంటే చాలా ఎక్కువ వోల్టేజ్ ఉంటుంది.

సెన్సార్‌ను పరీక్షించడం

ముందు కళ్ళతో చూడాలి. కనెక్టర్ తీసి పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందా, లోపల డీజిల్ తడి ఉందా, పిన్ను వెనక్కి జారిందా చూడండి. వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద నేరుగా ప్రెషర్‌తో నీళ్ళు కొట్టించిన తర్వాత మొదలైన సమస్య అయితే సగం జవాబు దొరికినట్టే. వైరు ఎక్కడైనా బ్రాకెట్‌కు రాసుకుని అరిగిందా, ఎలుకలు కొరికాయా అన్నది కూడా చూడాలి. సెలవుల్లో నెలన్నర కదలకుండా ఆగిన స్కూల్ వ్యాన్‌లలో ఎలుకల పని మామూలే.

తర్వాతి పరీక్ష తెల్లవారి చల్లటి ఇంజిన్ మీద చేస్తే చాలా విలువైనది. రాత్రంతా ఆగిన బండిలో రైల్ ప్రెషర్ సున్నా. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా స్కానర్‌లో ఎంత చూపిస్తోందో చూడండి. సున్నా, లేదా దానికి బాగా దగ్గరగా చూపాలి. సిగ్నల్ వైరు మీద 0.5 వోల్టు అటూఇటూగా ఉండాలి. ఏమీ లేని చోట 80 బార్ చూపిస్తోందంటే, సెన్సార్ ఎర్త్ బాగుందని తేలిన మరుక్షణం ఆ సెన్సార్‌ను పక్కన పెట్టొచ్చు. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను ఎందుకో చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు కనెక్టర్ తీసి, తాళం ఆన్‌లో ఉంచి వైరింగ్ వైపు కొలవాలి. 5 వోల్టుల పిన్ను మీద 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. రాకపోతే సెన్సార్ మార్చి లాభం లేదు, దానికి తిండే అందడం లేదు. ఆ 5 వోల్టులను చాలా బళ్ళలో వేరే సెన్సార్లు కూడా పంచుకుంటాయి. టర్బో బూస్ట్ సెన్సార్ లాంటిది లోపల షార్ట్ అయినా అందరి 5 వోల్టులూ కిందికి గుంజేస్తుంది. అప్పుడు పీ0641 లాంటి రిఫరెన్స్ వోల్టేజ్ (ఆ 5 వోల్టుల సరఫరా) కోడ్ కూడా తోడుగా రావచ్చు. మీటరు మీద కన్ను వేసి ఒక్కో సెన్సార్ కనెక్టర్ పీకుతూ పోండి. ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే దొంగ.

ఎర్త్‌ను కంటిన్యుయిటీ బీప్‌తో (వైరు తెగలేదని మీటరు చేసే శబ్దంతో) సరిపెట్టకండి. ఒక్క తీగపోగు మిగిలినా బీప్ వస్తుంది. కనెక్టర్ పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజ్ కొలవండి. 0.1 వోల్టు కంటే తక్కువ ఉండాలి. 1,800 బార్ సెన్సార్‌కు 0.2 వోల్టు అంటే 90 బార్, గుర్తుంచుకోండి. ఎర్త్‌లో పోయే ప్రతి చుక్కా ప్రెషర్ అంకెలో తప్పుగా తేలుతుంది. కొలవడానికి పిన్నుల వెనక నుంచి సన్నటి సూది దూర్చండి. వైరు తొడుగుకు మాత్రం బొక్క పెట్టొద్దు. వానాకాలంలో ఆ బొక్కలోంచే నీరు దూరి, మరుసటి ఏడాదికి కొత్త జబ్బు తెస్తుంది.

మిగిలింది సిగ్నల్ వైరు. సెన్సార్ కనెక్టర్ తీసేస్తే స్కానర్‌లో అంకె ఒక చివరకు దూకుతుంది. కొన్ని ఈసీఎంలలో పైకి, కొన్నిట్లో కిందికి. పైకి దూకేదైతే వైరింగ్ వైపు సిగ్నల్ పిన్నును ఎర్త్ పిన్నుతో కలిపి చూడండి, కింది చివరకు రావాలి. కిందికి దూకేదైతే 5 వోల్టుల పిన్నుతో కలపండి, పైకి పోవాలి. అలా స్పందించిందంటే వైరు బాగుంది, ఈసీఎం చదువుతోంది, తప్పు సెన్సార్‌దే. స్పందించకపోతే సెన్సార్‌కూ ఈసీఎంకూ మధ్య వైరు వెతకాలి. బ్యాటరీ 12 వోల్టులు మాత్రం ఈ పిన్నుల్లో దేనికీ తగలనివ్వొద్దు, ఈసీఎం కాలిపోతుంది.

వచ్చి పోయే జబ్బుకు వేరే మార్గం లేదు. స్లో రన్నింగ్‌లో ప్రెషర్ గ్రాఫ్ పెట్టి, వైరింగ్‌ను కొసనుంచి కొసదాకా చేత్తో కదుపుతూ పోవాలి. గ్రాఫ్ ఒక్కసారిగా నిలువుగా పడిపోయి లేచిందంటే అది వైరు పని. నిజమైన ప్రెషర్ అంత నిటారుగా సున్నాకు పడి, ఇంజిన్ ఆగకుండా తిరిగి లేవలేదు.

కోడ్ రాని అబద్ధం

అన్నిటికంటే కష్టమైనది ఇదే. సెన్సార్ పూర్తిగా చావకుండా, కొద్దిగా తప్పు చెబుతోంది అనుకోండి. స్కానర్‌లో కావలసిన ప్రెషర్ 300, వచ్చిన ప్రెషర్ 300, రెండూ అచ్చంగా కలుస్తాయి. అంతా బాగుందనుకుంటాం. నిజానికి అవి కలవక ఏం చేస్తాయి? సెన్సార్ 300 చెప్పేదాకా ఈసీఎం ప్రెషర్‌ను సర్దుతూనే ఉంటుంది. బీపీ మిషన్ ఎప్పుడూ ఇరవై ఎక్కువ చూపిస్తుంటే డాక్టరు మందు పెంచి, మిషన్‌లో అంకె సరిగ్గా వచ్చేదాకా రోగి బీపీని కిందికి తోసినట్టు ఉంటుంది వ్యవహారం. కాగితం మీద అంతా నార్మల్, మనిషికి మాత్రం కళ్ళు తిరుగుతుంటాయి.

ఉన్నదానికంటే ఎక్కువ చూపే సెన్సార్ వల్ల అసలు ప్రెషర్ తగ్గిపోతుంది. పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, పికప్ పోతుంది, డీజిల్ సరిగ్గా తుంపరలు కాక పొగ పెరుగుతుంది. తక్కువ చూపేదైతే అసలు ప్రెషర్ పెరిగి ఇంజిన్ గట్టిగా కొట్టుకునే శబ్దం చేస్తుంది, పైపులు, ఇంజెక్టర్లు, పంపు మీద భారం పడుతుంది. ఏ కోడూ లేకుండా ఇలాంటి గుర్తులు కనబడితే ఆ చల్లటి ఇంజిన్ సున్నా పరీక్షకు తిరిగి వెళ్ళాలి. అందులో దొరకకపోతే మీటరింగ్ వాల్వ్‌కు ఈసీఎం ఇస్తున్న ఆదేశాన్ని అదే మోడల్ మంచి బండితో పోల్చాలి. అదీ తేలకపోతే డీజిల్ పంపు సర్వీస్ షాపులో రైల్‌కు వేరే గేజ్ కలిపి కొలిపించాలి. ఈ పని రోడ్డు పక్కన చేసేది కాదు.

సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాని బండిలో కూడా సెన్సార్ మీద అనుమానం వస్తుంది. చాలా ఇంజిన్లలో రైల్ ప్రెషర్ సుమారు 200 బార్ చేరేదాకా ఈసీఎం ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. సెల్ఫ్ కొడుతూ స్కానర్ చూడండి. ప్రెషర్ ఎక్కడం లేదని చూపిస్తే సెన్సార్ కనెక్టర్ తీసి మళ్ళీ ప్రయత్నించవచ్చు. కొన్ని బళ్ళలో ఈసీఎం ఒక ఊహా విలువ తీసుకుని ఇంజిన్‌ను లేపుతుంది. లేచిందంటే డీజిల్ వస్తోంది, సెన్సార్ సర్క్యూటే అబద్ధమాడుతోందని బలమైన ఆధారం. లేవలేదంటే మాత్రం ఏమీ రుజువు కాలేదు, అన్ని ఈసీఎంలూ అలా ఒప్పుకోవు.

సెన్సార్ నిర్దోషి అని తేలితే

అప్పుడు 0087ను దాని మాట ప్రకారమే తీసుకోవాలి, ప్రెషర్ నిజంగా తగ్గుతోంది. ఎప్పుడు తగ్గుతోందన్నదే దారి చూపిస్తుంది. స్లో రన్నింగ్‌లో బాగుండి, లోడులో మాత్రమే పడిపోతే పంపుకు చాలినంత డీజిల్ అందడం లేదు. ఫిల్టర్ మూసుకుపోవడం, ట్యాంకు లోపలి జాలీ, పిండుకుపోయిన రబ్బరు పైపు, బలహీనమైన ఫీడ్ పంపు, వరసగా చూడాలి. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్ళే పైపు స్థానంలో కాసేపు పారదర్శకమైన పైపు పెడితే గాలి బుడగలు కంటికే కనబడతాయి. అది తక్కువ ఒత్తిడి వైపు కాబట్టి భయం లేదు.

ఇంజిన్ వేడెక్కాక స్టార్టింగ్ కష్టమైతే ఇంజెక్టర్ల రిటర్న్, అంటే వాటి నుంచి వెనక్కి పోయే డీజిల్, చూడాలి. వేడి డీజిల్ పల్చబడి, అరిగిన సందుల్లోంచి ఎక్కువ కారుతుంది. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు ఒక్కో చిన్న సీసా కలిపి, ఇంజిన్ కాసేపు నడిపితే చాలు. మిగతావాటి కంటే చాలా ఎక్కువ నిండిన సీసా ఏదో, రైల్ ప్రెషర్‌ను తాగేస్తున్న ఇంజెక్టర్ అదే. మీటరింగ్ వాల్వ్ జిగురు పట్టి ఇరుక్కుంటే ప్రెషర్ గ్రాఫ్ ఒక చోట నిలవకుండా అలల్లా ఊగుతుంది.

ఫిల్టర్‌లో గానీ మీటరింగ్ వాల్వ్ జాలీలో గానీ మెరిసే లోహపు పొడి కనబడితే అక్కడితో ఆగిపోండి. పంపు లోపల అరిగిపోతోంది. ఆ పొడి రైల్, ఇంజెక్టర్ల దాకా వెళ్ళి ఉంటుంది. పంపు ఒక్కటే మార్చి మిగతావి కడగకుండా వదిలేస్తే కొత్త పంపు ఇచ్చిన ప్రెషర్‌ను పాత పొడి పాడు చేస్తుంది. ఇది పెద్ద ఖర్చు, ఓనరుకు ముందే నిజం చెప్పడం మెకానిక్ ధర్మం.

మార్చాల్సి వస్తే

పార్ట్ నంబర్ చూడకుండా సెన్సార్ కొనొద్దు. 1,500 బార్‌ది, 1,800 బార్‌ది, 2,000 బార్‌ది బయటికి ఒకేలా ఉండొచ్చు, కనెక్టర్ కూడా సరిపోవచ్చు. కానీ 1,800 ఉండాల్సిన చోట 1,500ది వేస్తే, ఈసీఎం 1,620 అనుకున్నప్పుడు రైల్‌లో నిజంగా ఉండేది 1,350. కొత్త సెన్సార్ వేశాక కూడా పికప్ రాలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఇదీ చూడాల్సిన కారణం. 2,000ది వేస్తే ఇంకా ప్రమాదం. ఈసీఎం 1,600 అనుకుంటుంటే రైల్ సుమారు 1,780 మోస్తుంటుంది. సగం ధరకు దొరికే డూప్లికేట్‌లు ఈ లెక్క ఎంతవరకు పాటిస్తాయో ఎవరూ హామీ ఇవ్వరు. ఈ ఒక్క పార్ట్ దగ్గర పొదుపు వద్దు. సెన్సార్‌ను రైల్ నుంచి విప్పకూడదని, రైల్‌తో కలిపే మార్చాలని చెప్పే తయారీదారులూ ఉన్నారు. అందుకే స్పానర్ పట్టే ముందు ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ చూడాలి.

విప్పే ముందు చుట్టూ శుభ్రంగా తుడిచి, వీలైతే గాలి కొట్టి ఆరబెట్టండి. ఇంజెక్టర్ లోపలి సందులు మైక్రాన్‌లలో ఉంటాయి, ఒక ఇసుక రేణువు చాలు పాడు కావడానికి. చాలా సెన్సార్లలో లోహానికి లోహం నొక్కుకునే సీలింగ్ ఉంటుంది. దాని మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టడం, సీలెంట్ రాయడం చేయకూడదు. ఆ ప్రెషర్‌ను టేపు ఆపలేదు, దాని ముక్కలు మాత్రం లోపలికి పోతాయి. మాన్యువల్ చెప్పిన టార్క్‌తో (బిగింపు బలంతో) టార్క్ రెంచ్ వాడి బిగించాలి. చేతి అంచనాతో ఎక్కువ బిగిస్తే సెన్సార్ పొర మీదే ఒత్తిడి పడి సున్నా తప్పుతుంది, తక్కువైతే కారుతుంది.

పాడైంది వైరు అయితే దాన్ని మెలిపెట్టి నల్ల టేపు చుట్టి వదలకండి. మిల్లీవోల్టుల తేడా ప్రెషర్‌గా మారే చోట ఆ అతుకు నిలవదు. సోల్డర్ చేసి గానీ మంచి క్రింప్ వేసి గానీ, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగి, కదలని చోట క్లిప్ వేయాలి. కనెక్టర్ పాడైతే వైరు ముక్కలతో సహా కొత్త కనెక్టర్ విడిగా దొరుకుతుంది.

తర్వాత ప్రైమింగ్ పంపుతో గాలి తీసి, కోడ్ చెరిపి, ఆ ఇంజిన్‌కు అవసరమైతే ఈసీఎం నేర్చుకుని దాచుకున్న పాత లెర్నింగ్ విలువలు స్కానర్‌తో రీసెట్ చేసి స్టార్ట్ చేయాలి. సెన్సార్ బిగించిన చోట అట్టముక్కతో లీకు చూడాలి. ఇంజిన్ వేడెక్కి ఆపాక ఇంకోసారి చూడాలి.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో ఊళ్ళో తిరిగితే అయిపోయినట్టు కాదు. మనుషులో, బస్తాలో ఎక్కించి ఏదో ఒక ఎత్తు ఎక్కాలి, పక్కన ఒకరు కూర్చుని స్కానర్‌లో కావలసిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ రెండు గీతలూ రికార్డు చేయాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు రెండో గీత క్షణం వెనకపడి వెంటనే అందుకోవడం మామూలే. నిండు లోడులో, మూడో గేరులో, అది మొదటి గీత కంటే కిందనే ఉండిపోయి ఎత్తు అయ్యేదాకా అందుకోకపోతే, కోడ్ ఇంకా పడకపోయినా బండిని ఓనరుకు అప్పగించొద్దు. డీజిల్ ఫిల్టర్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.